ఘాటు దగ్గు అనుకున్న నాలుగు నెలలు: గుంటూరు మిర్చి కూలీలో ఐసోనియాజిడ్ అనే మందుకు లొంగని టీబీ, దానికి తోడు షుగర్

నాగమణి వయసు 36. (పేరు మార్చాను. ఆమె ఒప్పుకున్నాకే ఈ కేసు రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు కొన్ని కూడా మార్చాను.) గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల గోడౌన్లలో మిరపకాయల తొడిమలు తీసే కూలి. భర్త అద్దె ఆటో నడుపుతాడు. పదిహేనేళ్ల కూతురు, అత్తగారు, ఆడపడుచు, ఆడపడుచు మూడేళ్ల కొడుకు, అందరూ కలిసి శివారు కాలనీలో ఒకటిన్నర గది రేకుల ఇంట్లో ఉంటారు. 2025 జూన్ రెండో వారంలో ఆమె మా ఛాతీ వ్యాధుల క్లినిక్‌కి వచ్చింది. దగ్గు ఫిబ్రవరి నుంచే ఉంది. ఆ రోజు పొద్దున కళ్లెలో రక్తపు చార కనపడేసరికి భయపడి వచ్చింది.

చూసినప్పుడు బరువు 38 కిలోలు, ఎత్తు 151 సెంటీమీటర్లు. బీఎంఐ 17 కూడా లేదు. జనవరిలో గోడౌన్ కాటా మీద తోటివాళ్లతో పాటు నిలబడితే 47 చూపించిందట. నాడి నిమిషానికి 112, జ్వరం 100.6, ఆక్సిజన్ 94 శాతం. కుడి ఊపిరితిత్తి కింది భాగంలో గరగర శబ్దాలు వినపడ్డాయి. నాలుక ఎండిపోయి ఉంది, అరికాళ్లు మంటలంటోంది. వేలి కొసన చూసిన షుగర్ 348. తనకు షుగర్ ఉందని ఆమెకు అప్పటిదాకా తెలియదు, ఎవరూ చూడలేదు కూడా.

టీబీ, షుగర్, తిండి చాలని ఒళ్లు. ఛాతీ డాక్టర్లకు ఇందులో అరుదైనది ఏదీ లేదు. అయినా వివరంగా రాయడానికి కారణం ఉంది. 2019-21లో జరిగిన జాతీయ టీబీ సర్వేలో, లక్షణాలు ఉన్నవాళ్లలో దాదాపు 64 శాతం మంది ఎక్కడా చూపించుకోలేదని తేలింది. అందుకే మన ప్రచారమంతా "దగ్గు ఉంటే నిర్లక్ష్యం చేయకండి" అని రోగికి చెప్పడం మీదే నడుస్తుంది. నాగమణి నిర్లక్ష్యం చేయలేదు. పనికి సెలవు పెట్టి, అప్పు చేసి, ఈ నాలుగు నెలల్లో మళ్లీ మళ్లీ చూపించుకుంది. వెళ్లిన ప్రతిచోటా ఆమెకు ఉపశమనం ఇచ్చారు. కళ్లె పరీక్ష మాత్రం ఎవరూ రాయలేదు.

అందరూ దగ్గే చోట ఒకరి దగ్గు

జనవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరులో మిర్చి సీజన్. యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగుతూనే ఉంటాయి. గోడౌన్లలో ఆడకూలీలు గుండ్రంగా కూర్చుని తొడిమలు తీస్తారు, తాలు కాయలు ఏరి పక్కన పడేస్తారు. కిలో లెక్కన కూలి కాబట్టి ఎవరూ తల ఎత్తరు. ఫ్యాన్ వేస్తే దుమ్ము లేస్తుందని వేయరు. షట్టరు సగం దించి ఉంచుతారు. ముక్కుకు అడ్డంగా చీర కొంగో, తువ్వాలో. లోపలికి కొత్తగా అడుగుపెట్టిన మనిషి రెండు నిమిషాలు నిలబడలేడు.

మిరప ఘాటుకు కారణమైన క్యాప్సైసిన్ శ్వాసనాళాల్లోని నరాల కొసలను నేరుగా రేపుతుంది. దగ్గు మీద పరిశోధన చేసేవాళ్లు మనిషికి కావాలని దగ్గు తెప్పించాలంటే పీల్పించేది కూడా క్యాప్సైసిన్‌నే. కాబట్టి యార్డు మనుషులు చెప్పే ఘాటు దగ్గు నిజమైన దగ్గే, దాన్ని కొట్టిపారేయకూడదు. కానీ దానికో పద్ధతి ఉంది. పనిలో ఉన్నంతసేపు వస్తుంది, బయటికొచ్చి గాలి పీల్చుకుంటే సర్దుకుంటుంది. సాయంత్రానికి ఒళ్లు కాలదు. బరువు తగ్గదు. రాత్రి చెమటకు రవిక తడిసిపోదు.

యార్డు నుంచి వచ్చినవాళ్లను నేను ముందు అడిగేది ఒకటే: పని లేని రోజు దగ్గు తగ్గుతుందా?

"ఆదివారం ఇంకా ఎక్కువండి మేడమ్. పడుకుంటే అసలు ఆగదు" అంది నాగమణి. పక్కనున్న అత్తగారు అందుకుని, "ఘాటు లోపల పట్టేసిందండి, దిగట్లేదు" అన్నారు. ఆ ఇంట్లో, ఆ వాడలో, ఆ గోడౌన్‌లో అందరి నమ్మకమూ అదే. పక్కన కూర్చున్న పాతికమందీ దగ్గుతుంటే ఒకరి దగ్గు వేరుగా ఎలా వినపడుతుంది?

ఫిబ్రవరి నుంచి జూన్ దాకా

ఫిబ్రవరి మధ్యలో దగ్గు మొదలైంది. మందుల షాపులో అడిగి సిరప్ తెచ్చుకుంది. మార్చిలో జ్వరం తోడైంది. కాలనీలోని ఆర్‌ఎంపీ దగ్గరికి వెళితే ఒక సూది, మూడు రకాల మాత్రలు. రెండు రోజులు బాగుండేది. ఆకలి వేసేది, ఓపిక వచ్చేది, పనికి వెళ్లేది. మళ్లీ కూలబడేది. మళ్లీ సూది. ఆ సూదేమిటో తర్వాత ఆయనకే ఫోన్ చేసి అడిగాను. దాచకుండా డెక్సామెథాసోన్ అని చెప్పారు. స్టెరాయిడ్ జ్వరాన్ని అణుస్తుంది, ఆకలి పుట్టిస్తుంది, ఒంట్లో హుషారు తెస్తుంది. అదే సమయంలో రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది, షుగర్‌ను పెంచుతుంది. లోపల టీబీ క్రిమి పెరుగుతున్న మనిషికి ఇంతకన్నా చేటు చేసే ఉపశమనం ఉండదు.

ఏప్రిల్‌లో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. కుడివైపు కింది భాగంలో మచ్చ కనపడింది. నెమ్ము అని చెప్పి వారం రోజులకు లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. టీబీ అంటే ఊపిరితిత్తి పైభాగంలోనే ఉంటుందని మనందరం చదువుకున్నాం. అయితే షుగర్ ఉన్నవాళ్లలో కింది భాగంలో రావడం ఎక్కువే. ఆ రోజు షుగర్ చూసి ఉంటే ఆ మచ్చను చూసే చూపు మారి ఉండేది.

లెవోఫ్లాక్సాసిన్‌తో జ్వరం తగ్గింది. "సగానికి సగం నయమైందండి" అని నాగమణే చెప్పింది. నెమ్ము అన్న మాట నిజమేనని అందరికీ రుజువైపోయింది. రెండు వారాలు తిరక్కుండానే జ్వరం మళ్లీ వచ్చింది. ఈసారి ఆసుపత్రి ఖర్చు భరించలేక, పాత చీటీ చూపించి షాపులో అవే మాత్రలు ఇంకో కోర్సు కొనుక్కుంది.

మేలో దాహం మొదలైంది. బిందెల కొద్దీ నీళ్లు తాగేది, రాత్రి నాలుగైదు సార్లు లేచేది. గుంటూరులో రోహిణి కార్తె ఎండలకు ఎవరికి దాహం వేయదు? మనిషి సన్నబడితే ఎండ దెబ్బ అన్నారు. నీరసమంటే ఎండ అన్నారు. దగ్గును ఘాటు దాచింది, షుగర్‌ను వేసవి దాచింది. ఈ రెండూ మా జిల్లాలో ఏటా ఒకే సమయంలో వస్తాయి. కాబట్టి మార్చి నుంచి జూన్ దాకా ఇక్కడ పనిచేసే ఏ డాక్టరైనా దాహం, నీరసం అన్న రోగికి వేలి కొసన షుగర్ చూడటం అలవాటు చేసుకోవాలని నేను గట్టిగా కోరుతున్నాను. ఒక స్ట్రిప్, ఒక నిమిషం చాలు.

రోగ నిర్ధారణ జరగక ముందే ఆ ఇంటికి చేతి ఖర్చు దాదాపు 17 వేలు అయింది. అందులో ఎక్కువ భాగం నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది, కొంత మేస్త్రి దగ్గర అడ్వాన్స్. పోయిన కూలి ఇంకో 24 వేల దాకా ఉంటుంది. వాళ్ల ఏడాది సంపాదన లక్షా డెబ్బై వేలకు మించదు. టీబీ వల్ల పడే మొత్తం భారం ఇంటి ఏడాది ఆదాయంలో 20 శాతం దాటితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ఆ కుటుంబాన్ని కూల్చే ఖర్చుగా లెక్కిస్తుంది. ప్రపంచంలో టీబీ వచ్చిన కుటుంబాల్లో సుమారు సగం ఆ గీత దాటుతున్నాయి. నాగమణి ఇల్లు ఆ గీత దాటేనాటికి టీబీ అన్న మాటే ఎవరి నోటా రాలేదు. టీబీ పరీక్ష ఉచితం, మందులు ఉచితం. ఆ ఉచితం దాకా రావడానికే వాళ్లకు నలభై వేలకు పైగా పోయింది.

కళ్లె డబ్బా

మొదటిసారి ఆమె ఇచ్చింది ఉమ్మి. ఇది చాలా మామూలుగా జరుగుతుంది. డబ్బా చేతికిచ్చి "కళ్లె పట్టుకురా" అంటే ఎవరైనా ఉమ్మే పట్టుకొస్తారు. ఎలా ఇవ్వాలో కూర్చోబెట్టి చెప్పాలి. పొద్దున లేవగానే నోరు నీళ్లతో పుక్కిలించాలి. గాలి ఆడే చోట, నలుగురికీ దూరంగా నిలబడాలి. రెండు మూడుసార్లు గుండె నిండా గాలి పీల్చి వదిలి, ఆ తర్వాత లోపలి నుంచి దగ్గి తీయాలి. మా నర్సు తానే చేసి చూపిస్తుంది. మర్నాడు నాగమణి తెచ్చిన కళ్లె పచ్చగా, చిక్కగా ఉంది.

ప్రభుత్వ కేంద్రంలో ట్రూనాట్ (కళ్లెలో టీబీ క్రిమి జన్యువును వెతికే పరీక్ష) చేశారు. టీబీ క్రిమి ఉంది, ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కు నిరోధం లేదు, అంటే ఆ మందుకు క్రిమి లొంగుతుంది. ఫలితం ఆ రోజే వచ్చింది. సూక్ష్మదర్శినిలో కూడా క్రిములు బాగా కనపడ్డాయి, అంటే ఆమె దగ్గు నుంచి ఇతరులకు అంటే అవకాశం ఎక్కువ. హెచ్‌ఐవీ లేదు. హిమోగ్లోబిన్ 8.6. మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) 11.2 శాతం. కొత్త ఎక్స్‌రేలో కుడివైపు కింది భాగంలో గుల్ల, ఎడమవైపు కూడా చిన్న మచ్చలు. ఏప్రిల్ ఎక్స్‌రేలో ఎడమవైపు శుభ్రంగా ఉంది.

వెంటనే టీబీ రోగుల ప్రభుత్వ ఆన్‌లైన్ రిజిస్టరు నిక్షయ్‌లో నమోదు చేశాం. 2012 నుంచి టీబీ కేసును ప్రభుత్వానికి తెలియజేయడం ప్రైవేటు డాక్టర్లకూ తప్పనిసరి. దానివల్ల రోగికే మేలు: మా దగ్గర చూపించుకున్నా మందులు ప్రభుత్వ టీబీ కార్యక్రమం నుంచి ఉచితంగా వస్తాయి. ఆమె బరువుకు రోజుకు మూడు చొప్పున నాలుగు మందులు కలిసిన మాత్రలు మొదలుపెట్టాం. ఇంకో కళ్లె నమూనా, క్రిమి ఏ మందులకు లొంగదో దాని జన్యువుల్లో చూసే లైన్ ప్రోబ్ పరీక్షకు వెళ్లింది.

ఈ రెండో నమూనా గురించి కాస్త ఆగి చెప్పాలి. ట్రూనాట్ రిఫాంపిసిన్ సంగతి చెబుతుంది. ఐసోనియాజిడ్ సంగతి ఆ చిప్‌లో తెలియదు. మన దేశంలో 2014-16లో జరిగిన మందుల నిరోధ సర్వేలో, అంతకుముందు టీబీ మందులు వాడని కొత్త రోగుల్లోనే సుమారు 11 శాతం మందికి ఐసోనియాజిడ్ నిరోధం ఉంది. రిఫాంపిసిన్ పనిచేస్తుంది కదా అని అక్కడితో ఆగిపోతే, ఈ పదకొండు శాతం మంది ఒక ముఖ్యమైన మందు పనిచేయకుండానే ఆరు నెలలు గడుపుతారు.

పది రోజుల తర్వాత వచ్చిన ఫలితంలో నాగమణి ఆ పదకొండు శాతంలో ఉంది. క్రిమిలోని క్యాట్‌జీ జన్యువులో మార్పు. ఈ రకం నిరోధానికి ఐసోనియాజిడ్ మోతాదు పెంచినా పెద్దగా ఉపయోగం ఉండదు. దీనికి కార్యక్రమం చెప్పే చికిత్స రిఫాంపిసిన్, ఇథాంబుటాల్, పైరజినమైడ్‌లతో పాటు లెవోఫ్లాక్సాసిన్, ఆరు నెలలు.

అవును, నెమ్ము అనుకుని ఆమెకు రెండు కోర్సులు ఇచ్చిన లెవోఫ్లాక్సాసినే.

ఆ మందు ఎందుకంత విలువైనది

లెవోఫ్లాక్సాసిన్ టీబీ క్రిమి మీద బాగా పనిచేస్తుంది. నెమ్ముకు ఇచ్చిన మందుతో ఏప్రిల్‌లో జ్వరం తగ్గింది అందుకే. వారం రోజులు ఒక్కటే మందు తగిలితే బలహీనమైన క్రిములు చస్తాయి. జన్యుమార్పుతో దానికి లొంగని క్రిములు ఏ కొన్ని ఉన్నా అవి మిగిలి, చోటు దొరికి పెరుగుతాయి. టీబీని ఎప్పుడూ ఒక్క మందుతో కొట్టకూడదన్న నియమం ఇందుకే. ఇక్కడ తెలియక అదే జరిగింది, అదీ రెండుసార్లు. పైగా ఐసోనియాజిడ్ పనిచేయని ఆమెకు మిగిలిన దారిలో ముఖ్యమైన ఆసరా ఈ మందే. రిఫాంపిసిన్‌కు కూడా లొంగని టీబీ చికిత్సలోనూ ఈ కుటుంబం మందులే (వీటిని ఫ్లోరోక్వినొలోన్లు అంటారు) మూలస్తంభం.

కాబట్టి ఫ్లోరోక్వినొలోన్ నిరోధం వచ్చిందో లేదో చూసే రెండో లైన్ ప్రోబ్ పరీక్ష ఫలితం కోసం మేమందరం టెన్షన్‌గా ఎదురుచూశాం. నిరోధం లేదని వచ్చింది. అలా రావడం ఆమె అదృష్టం. అందులో మన వైద్య వ్యవస్థ గొప్పేమీ లేదు.

తోటి డాక్టర్లకు, మందుల షాపులవాళ్లకు, ఆర్‌ఎంపీలకు నేను చెప్పదలచింది ఇదే. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష ముందు, యాంటీబయాటిక్ తర్వాత. ఒకవేళ మామూలు ఇన్ఫెక్షన్ అనుకుని ఏదైనా ఇవ్వాల్సే వస్తే, ఈ క్వినొలోన్లు మాత్రం వద్దు. దానికి వేరే మందులున్నాయి. ఒక రోగికి దగ్గు తగ్గించడానికి వాడేసిన మందు, రేపు ఆ రోగినే బతికించడానికి పనికిరాకుండా పోవచ్చు.

కళ్లె పరీక్ష ఎందుకు రాయరో కూడా నాకు తెలుసు. సూదికి రెండు వందలు వస్తుంది, సాయంత్రానికి రోగికి హాయిగా ఉంటుంది. కళ్లె పరీక్షకు ఏమీ రాదు, ఆ పూటకు ఉపశమనమూ ఉండదు, పైగా టీబీ అన్న అనుమానం ఎత్తితే రోగి ఇంకో చోటికి పోతాడన్న భయం. కాలనీలో రాత్రి పదకొండింటికి తలుపు తడితే తీసేది ఆ ఆర్‌ఎంపీ ఒక్కరే. ఆయన్ని తిట్టి లాభం లేదు. టీబీ అని తేలే రోగిని పంపినవాళ్లకు కార్యక్రమం 500 రూపాయలు ఇస్తుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాను, కళ్లె డబ్బాలు కొన్ని ఇచ్చి వచ్చాను. స్టెరాయిడ్ సూదుల గురించి కూడా గట్టిగానే మాట్లాడాను. ఆ తర్వాత ఆయన దగ్గర నుంచి నమూనాలు వస్తున్నాయి.

మందులు, ఇన్సులిన్, అన్నం

షుగర్‌కు ఇన్సులిన్ మొదలుపెట్టాం. రిఫాంపిసిన్ కాలేయంలో చాలా మందులను త్వరగా ఖర్చు చేసేస్తుంది, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రల పట్టు తగ్గిపోతుంది. లెవోఫ్లాక్సాసిన్ షుగర్‌ను ఇటూ అటూ ఊపగలదు, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లలో ఒక్కోసారి బాగా పడిపోతుంది. కూతురికి గ్లూకోమీటర్ వాడటం నేర్పాం. చెమట పట్టి చేతులు వణికితే ముందు పంచదార నోట్లో వేసి తర్వాత ఫోన్ చేయమన్నాం. ఆ పిల్ల నోటు పుస్తకంలో రాసిన రీడింగులు నేను చూసిన ఏ కేస్ షీట్‌కూ తీసిపోవు.

షుగర్ ఉన్నవాళ్లకు టీబీ వచ్చే ప్రమాదం రెండు మూడు రెట్లు ఎక్కువ. టీబీ ఉన్నంతకాలం షుగర్ అదుపులోకి రావడం కష్టం. పట్టణ పేదల్లో ఈ రెండూ ఒకే ఒంట్లో కలుస్తున్నాయి. షుగర్ అంటే తిని కూర్చునేవాళ్ల జబ్బు అన్న పాత అభిప్రాయం పట్టుకుని ఉంటే 38 కిలోల కూలి మనిషిలో దాన్ని ఎవరూ వెతకరు.

మందులకన్నా తిండి దగ్గరే ఎక్కువ చిక్కు వచ్చింది. "షుగరంట, అన్నం మానేయ్, రాత్రికి జొన్న రొట్టె ఒకటి తిను చాలు" అని చుట్టుపక్కలవాళ్లు చెప్పారు. ఆమె మానేసింది. మొదటి రెండు వారాల్లో ఇంకో అరకిలో తగ్గింది. ఎముకలు తేలిన మనిషికి అన్నం మాన్పించడం ప్రమాదం. నేను అత్తగారిని కూర్చోబెట్టి మాట్లాడాను: "అమ్మా, కోడలికి మూడు పూటలా అన్నం పెట్టండి. దానికి తగ్గట్టు ఇన్సులిన్ నేను సర్దుతాను. పప్పు, గుడ్డు, పెరుగు, వేరుశనగలు ఏది వీలైతే అది. తీపి ఒక్కటి తగ్గించండి."

2023లో ప్రచురించిన జార్ఖండ్ అధ్యయనం ఈ విషయంలో నాకు పెద్ద అండ. టీబీ రోగుల ఇళ్లలో మిగతావాళ్లకు నెలనెలా తిండి సామాను ఇస్తే, ఆ ఇంట్లో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. కళ్లెలో రుజువైన రకం అయితే 48 శాతం. రోగుల్లో మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవాళ్లలో మరణాలు బాగా తక్కువ. ఇంగ్లండులో టీబీ మందులు పుట్టకముందే, పందొమ్మిదో శతాబ్దం నుంచే, టీబీ మరణాలు తగ్గుతూ వచ్చాయి. తిండి, ఇల్లు, గాలి మెరుగవడం అందుకు కొంత కారణమని చాలామంది అంటారు. 2023లో ప్రపంచంలో కోటీ ఎనిమిది లక్షల మందికి టీబీ వచ్చిందని అంచనా. అందులో నాలుగో వంతుకు పైగా మన దేశంలోనే. ఇండొనేసియా, చైనా, ఫిలిప్పీన్స్, పాకిస్తాన్ కూడా కలిపితే సగం దాటిపోతుంది. టీబీ క్రిమిని చంపే మందులు డెబ్భై ఏళ్లకు పైగా మన దగ్గరున్నాయి. ఆకలి, ఇరుకిల్లు ఇంకా అలాగే ఉన్నాయి.

నిక్షయ్ పోషణ్ యోజన కింద రోగికి నెలకు వెయ్యి రూపాయలు వస్తాయి. 2018లో 500తో మొదలై, 2024 నవంబరు నుంచి వెయ్యి అయింది. మంచి పథకం. కానీ నాగమణి బ్యాంకు ఖాతా చాలాకాలం లావాదేవీలు లేక నిద్రావస్థలో ఉంది, కేవైసీ చేయించాలన్నారు. పని మానుకుని క్యూలో నిలబడే ఓపిక ఆమెకు లేదు. వార్డు సచివాలయం ఏఎన్ఎం పూనుకుని దగ్గరుండి చేయించింది. డబ్బు రెండో నెల చివర్లో పడింది. బరువు తగ్గే దశలో ఉన్న మనిషికి ఆ మొదటి ఎనిమిది వారాలే ప్రాణం. టీబీ అని తేలిన రోజునే ఖాతా సంగతి చూడటాన్ని మేం ఇప్పుడు చికిత్సలో భాగంగా పెట్టుకున్నాం.

మొదటి నెలలో వాంతులు, కీళ్ల నొప్పులు. నొప్పులు పైరజినమైడ్ వల్ల, వాటికి మామూలు మాత్రలతో సర్దుకుంది. కాలేయ పరీక్షలు, ఈసీజీ సవ్యంగానే ఉన్నాయి. ఇథాంబుటాల్ చూపు మీద ప్రభావం చూపవచ్చు కాబట్టి ప్రతి నెలా రంగులు గుర్తుపడుతోందో లేదో చూశాం. మూత్రం ఎర్రగా వస్తే రక్తమనుకుని మందులు ఆపేసేవాళ్లను చూశాను, అందుకే రిఫాంపిసిన్ రంగు గురించి మొదటి రోజే చెప్పాం. రెండో నెల చివరికి 40.5 కిలోలు, కళ్లెలో క్రిములు లేవు.

ఇంట్లోవాళ్లు

వేరే కంచం, వేరే గ్లాసు, వేరే చాప పెట్టారు. ఆడపడుచు పిల్లాడిని దగ్గరికి రానివ్వలేదు. కూతురికి రేపు సంబంధాలు రావని అత్తగారి దిగులు. వాళ్లకు నాగమణి అంటే ప్రేమ లేక కాదు, భయం. టీబీ కంచాల వల్ల రాదని, గాలి వల్ల వస్తుందని, సరైన మందు మొదలైన కొద్ది వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గిపోతుందని ఏఎన్ఎం, నేను విడివిడిగా చాలాసార్లు చెప్పాం. కంచం మీద పెట్టే శ్రద్ధ కిటికీ మీద పెట్టమన్నాం. దొంగల భయంతో మూసి మేకులు కొట్టిన కిటికీని ఆమె భర్త తెరిచాడు. మొదటి వారాల్లో ఆమె మంచం వరండాలోకి మారింది.

అసలు మద్రాసులో 1950ల చివర్లో జరిగిన ప్రయోగం తేల్చింది కూడా ఇదే. ఇరుకిళ్లలో ఉండి మందులు మింగినవాళ్లూ, శానిటోరియంలో (టీబీ రోగులను ఉంచే ప్రత్యేక ఆసుపత్రిలో) మంచి తిండి, విశ్రాంతి దొరికినవాళ్లూ దాదాపు సమానంగా నయమయ్యారు. ఇంట్లోవాళ్లకు కొత్తగా అంటడం కూడా ఎక్కువేమీ కాలేదు. ప్రపంచమంతా టీబీ వైద్యం ఇంటికి మారడానికి ఆ ఫలితమే దారి వేసింది. మంగళగిరిలో ఇప్పుడు ఎయిమ్స్ ఉన్న చోట ఒకప్పుడు టీబీ శానిటోరియం ఉండేది. ఈ ప్రాంతంలో పెద్దవాళ్లకు టీబీ అంటే ఇప్పటికీ ఊరికి దూరంగా పంపేసే జబ్బే.

ఇంట్లో అందరికీ ఎక్స్‌రే, లక్షణాల పరిశీలన చేశాం. ఎవరికీ జబ్బు లేదు. అత్తగారికి షుగర్ బయటపడింది. మూడేళ్ల పిల్లాడికి జబ్బు లేదని రూఢి చేసుకున్నాక ముందు జాగ్రత్త మందు ఇవ్వాలి. మామూలుగా ఇలాంటి పిల్లలకు ఇచ్చేది ఐసోనియాజిడ్, లేదా అది కలిసిన మందులు. కానీ ఈ ఇంట్లో తిరిగిన క్రిమి దానికి లొంగదు. ఆ లైన్ ప్రోబ్ ఫలితం లేకపోతే పిల్లాడికి నెలల తరబడి పనిచేయని మందు పోసి, కాపాడామని అనుకునేవాళ్లం. ఇంట్లో అందరికీ నాలుగు నెలల రిఫాంపిసిన్ ఇచ్చాం. కాబట్టి రోగి కళ్లె నుంచి వచ్చే పూర్తి ఫలితం ఇంట్లో పిల్లలకు కూడా అంతే అవసరమని గుర్తుపెట్టుకోవాలి.

గోడౌన్

ఆమె రోజుకు తొమ్మిది పది గంటలు గడిపింది గోడౌన్‌లో. దగ్గరి మనుషులంటే ఇంటివాళ్లే అని లెక్క వేసుకుంటే ఆ పాతికమంది ఎవరి జాబితాలోనూ ఉండరు. అయితే జూన్ వచ్చేసరికి సీజన్ అయిపోయింది. పల్నాడు, ప్రకాశం వైపు నుంచి వచ్చినవాళ్లు ఊళ్లకు వెళ్లిపోయారు.

టీబీ యూనిట్ సూపర్‌వైజర్‌కు ఒక ఆలోచన వచ్చింది. ముఠా మేస్త్రి దగ్గర కూలి పుస్తకం ఉంటుంది. ఎవరు ఏ రోజు ఎన్ని కిలోలు తీశారు, ఎంత అడ్వాన్స్ తీసుకున్నారు, అన్నీ పేర్లతో, ఫోన్ నంబర్లతో. మేస్త్రి మొదట ఇవ్వనన్నాడు, తన గోడౌన్‌కు చెడ్డపేరు వస్తుందని. నాగమణి భర్త వెళ్లి మాట్లాడాక ఇచ్చాడు. ఆ పుస్తకమే మాకు పరిచయస్తుల రిజిస్టరు అయింది. దూరంగా ఉన్నవాళ్ల వివరాలు వాళ్ల ప్రాంత టీబీ సిబ్బందికి వెళ్లాయి. దొరికినవాళ్లలో ఒకామెకు టీబీ బయటపడింది. ఆమెకు దగ్గు తప్ప ఇంకో లక్షణం లేదు, ఎక్స్‌రేలో మచ్చ చూసి కళ్లె పంపితే తేలింది. జాతీయ సర్వేలో కూడా ఎక్స్‌రే తీయకపోతే 42.6 శాతం కేసులు తప్పిపోయేవి. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో జన్యు పరీక్ష లేకుండా చెప్పలేం, నేను చెప్పను కూడా.

నాగమణి చికిత్స డిసెంబరులో పూర్తయింది. కళ్లెను ల్యాబులో పెంచి చూసే కల్చర్ పరీక్షలో క్రిమి లేదు. బరువు 46 కిలోలు, షుగర్ సగటు 7.4. గుల్ల మూసుకుంది గానీ కుడివైపు మచ్చ కట్టింది. మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, ఊదుడు పరీక్షలో ఊపిరి సామర్థ్యం తగ్గినట్టు కనపడింది. నాలుగు నెలల ఆలస్యం వదిలిపెట్టిన నష్టం అది, మందులతో తిరిగి రాదు. రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి చూస్తూ ఉంటాం.

ఆమె మళ్లీ తొడిమల పనికే వెళతానంటోంది. వద్దని చెప్పాను. అప్పు ఇంకా తీరలేదు, కూర్చుని చేసే పనుల్లో ఇంత కూలి ఇంకెక్కడా రాదు అంటుంది. కాదనడానికి నా దగ్గర వేరే పని లేదు. మంచి మాస్కు ఇచ్చాం, షట్టరు పక్కన చోటు ఇప్పించమని మేస్త్రితో మాట్లాడాం. ఈ సీజన్‌లో ఆయన రెండింటికి ఒప్పుకున్నాడు: రెండు వారాలు దాటి దగ్గే ప్రతి మనిషి కళ్లె నమూనా పంపడానికి డబ్బాలు గోడౌన్‌లోనే ఉంచడం, సీజన్ మధ్యలో ఒక సెలవు రోజు అందరికీ చేతిలో పట్టుకెళ్లే యంత్రంతో ఎక్స్‌రే తీయించడం. దుమ్మును బయటికి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాన్లకు మాత్రం గోడౌన్ యజమాని ఇంకా సరేననలేదు. ఎంతవుతుందో లెక్క వేయించి ఆయనకు ఇచ్చాం.